పరిధీయ నాడుల పునరుత్పత్తి, శస్త్రచికిత్స

మెదడు, వెన్నుపాముల నుండి బయలుదేరి శరీరమంతటా వ్యాపించిన నాడులను '''పరిధీయ నాడులు''' అంటారు. కోతలు, ఎముకలు విరగడం, రోడ్డు ప్రమాదాల వంటి కారణాల వలన ఇవి తెగిపోతే, ఆ నాడి పరిధిలోని భాగంలో స్పర్శ, కదలిక నశిస్తాయి. వెన్నుపాములోని తంతువులకు భిన్నంగా వీటికి తిరిగి పెరిగే శక్తి కలదు. అయితే ఆ పెరుగుదల చాలా నెమ్మది కాబట్టి, చికిత్స ఫలితం ఎక్కువగా కాలంపై ఆధారపడి ఉంటుంది.

== పునరుత్పత్తి జరిగే విధానం ==
నాడిలో వేలకొలది ఆక్సాన్లు (అక్షతంతువులు) కట్టలు కట్టలుగా ఉంటాయి. నాడి తెగినపుడు కణదేహంతో సంబంధం కోల్పోయిన దిగువ భాగం క్షీణిస్తుంది. దీనిని 1850లో ఆగస్టస్ వాలర్ కప్ప నాడులలో గమనించి వివరించాడు. అందుచేత దీనిని వాలేరియన్ క్షీణత అంటారు. ష్వాన్ కణాలు, భక్షక కణాలు ఆ శిథిలాలను తొలగిస్తాయి. ఆ పిమ్మట ష్వాన్ కణాలు వరుసగా అమరి దారి ఏర్పరుస్తాయి. ఎగువ కొన నుండి మొలకెత్తిన ఆక్సాన్లు ఆ దారి వెంట రోజుకు సుమారు 1 మి.మీ. చొప్పున పెరుగుతాయి. దారి దొరకని మొలకలు చిక్కుపడి, న్యూరోమా అనే నొప్పి గల ముడి ఏర్పడవచ్చును.

== గాయాల రకాలు ==
1943లో హెర్బర్ట్ సెడన్ నాడీ గాయాలను మూడు రకాలుగా విభజించాడు.
* న్యూరాప్రాక్సియా: ఆక్సాన్లు తెగవు, సంకేత ప్రసారం మాత్రం ఆగుతుంది. సాధారణంగా వారాలలో, లేదా కొద్ది నెలలలో దానంతట అదే నయమవుతుంది.
* ఆక్సనాట్మెసిస్: ఆక్సాన్లు తెగుతాయి, పై తొడుగు నిలిచి ఉంటుంది.
* న్యూరాట్మెసిస్: నాడి పూర్తిగా తెగుతుంది. దీనికి శస్త్రచికిత్స అవసరం.

== శస్త్రచికిత్స ==
పదునైన వస్తువుతో తెగిన నాడిని వీలైనంత త్వరగా, సూక్ష్మదర్శిని సహాయంతో, వెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతారు. కుట్టు వద్ద లాగుడు ఉండరాదు. కొనల మధ్య దూరం ఎక్కువగా ఉన్నచో, పిక్క వెనుక నుండి పాదం వరకు పోయే సూరల్ నాడి ముక్కను తీసి అతుకుతారు. ఇందువలన పాదం వెలుపలి అంచున కొంత స్పర్శ పోతుంది. హన్నో మిలేసి ఈ పద్ధతిని 1970లలో ప్రాచుర్యంలోకి తెచ్చాడు. నాడి తెగకుండా నలిగినదని భావించిన సందర్భాలలో సుమారు మూడు నెలలు వేచి చూసి నిర్ణయిస్తారు.

== కాలం ప్రాధాన్యత ==
నాడీ సంబంధం లేని కండరం క్రమంగా క్షీణించి, సుమారు 12 నుండి 18 నెలల తరువాత కోలుకునే అవకాశం బాగా తగ్గుతుంది. ఉదాహరణకు, చంక వద్ద తెగిన అల్నార్ నాడి 60 సెం.మీ. దూరంలోని అరచేతి కండరాలను చేరుటకు 600 రోజులు, అనగా దాదాపు 20 నెలలు పడుతుంది. కుట్టు చక్కగా ఉన్నా కండరం అప్పటికి స్పందించకపోవచ్చును.

ఈ ఇబ్బందిని అధిగమించుటకు, కండరానికి దగ్గరగా ఉన్న మరొక నాడిలోని కొంత భాగాన్ని మళ్ళించి కలుపుతారు. మోచేతిని వంచే కండరం కొరకు క్రిస్టోఫ్ ఓబెర్లిన్ 1994లో ప్రచురించిన పద్ధతి ఇటువంటిదే. నాడి కోలుకోదని తేలినపుడు, పనిచేసే కండరపు స్నాయుబంధాన్ని మార్చి అమర్చవచ్చును. కుష్ఠు వలన వంకరపోయిన చేతులకు పాల్ బ్రాండ్ 1940ల చివరలో వేలూరులో ఇటువంటి శస్త్రచికిత్సలు చేశాడు.

== చికిత్సానంతర జాగ్రత్తలు ==
నాడి పెరిగే నెలలలో కీళ్ళు బిగుసుకుపోకుండా వ్యాయామం చేయించాలి. స్పర్శ లేని చర్మానికి వేడి, గాయం తెలియవు కనుక పొయ్యి వద్ద, పనిముట్లతోను జాగ్రత్త వహించాలి. గాయమైన తరువాత వేళ్ళు మొద్దుబారినా, కదలకపోయినా చర్మపు కుట్లతో సరిపెట్టుకొనక వెంటనే నాడిని పరీక్ష చేయించుకొనవలెను.