ముందు అతణ్ణి అడగండి

మంచము పట్టిన బిడ్డ ఉన్న ఇంటికి మనము వెళ్తాము. నాలుగు పండ్లు ఇచ్చి, తల్లిని ఓదార్చి, ప్రార్థన చేసి వచ్చేస్తాము. మేమూ చాలా ఏళ్లు అంతే చేశాము.

మా సంఘములో ఒక రైతు కుటుంబమున్నది. పెద్ద కుమారునికి 19 ఏళ్లు. పసితనము నుండి సెరిబ్రల్ పాల్సీ. మెదడుకు కలిగిన లోపము వలన కాళ్లు చేతులు స్వాధీనములో ఉండవు. మాట రాదు. అప్పుడప్పుడు మూర్ఛ వస్తుంది. ఇన్నేళ్లూ ఎత్తి దించి తల్లి నడుము పోయింది. చివరికి ఇంటర్ చదివిన పొరుగింటి యువకుణ్ణి నెలజీతానికి తోడు పెట్టుకున్నారు.

ఆ యువకుడు చెల్లెలి పెండ్లికి వెళ్తూ ఉంటే, నాలుగు రోజులు పగటిపూట మేము కూర్చుంటామని చెప్పాము. అతడు పని వివరిస్తుంటే, ఇదేమంత కష్టమని సరిగా వినలేదు. మొదటి రోజే పప్పన్నము మెత్తగా కలిపి, అబ్బాయి తల దిండుకు ఆనించి పడుకోబెట్టే తినిపించాము. మూడో ముద్దకు పొలమారింది. ఊపిరాడక ముఖము నల్లబడింది. తల్లి వంటింట్లోనుండి పరుగున వచ్చి, లేపి ముందుకు వంచి వీపు మీద చరిచింది. ముద్ద బయటపడింది. మా చేతులు చాలాసేపు వణికాయి.

రాత్రి ఆ యువకునికి ఫోను చేసి జరిగినది చెప్పాము. “అయ్యగారూ, పెట్టే ముందు తమ్ముణ్ణి అడిగారా?” అన్నాడు. “మాట రానివాడు ఎలా చెబుతాడు బాబూ?” అన్నాము. “కళ్లు పైకెత్తితే అవునని, పక్కకు తిప్పితే వద్దని. మీకు చెప్పే ఉంటాడండి.”

నిజమే, చెప్పాడు. ముద్ద ముద్దకూ కళ్లు పక్కకు తిప్పుతూనే ఉన్నాడు. మేమేమో ఆ ఇంటి తాతగారితో వరికోతల సంగతి మాట్లాడుతున్నాము.

మిగిలిన మూడు రోజులూ విద్యార్థులమై నేర్చుకున్నాము. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డము కొంచెము దించి, చిన్న ముద్ద పెట్టాలి. మింగాకనే మరొకటి. తిన్న తరువాత అరగంట కూర్చోనివ్వాలి. పడుకున్నప్పుడు రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే ఒరిపిడి పుండ్లు పడతాయి. మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతిలో తాళాలు పెట్టి ప్రయోజనము లేదు. 5 నిమిషాలు దాటితే 108 కు ఫోను చేయాలి. స్నానానికి తలుపు వేయాలి, చెప్పి తాకాలి. అతడు పసిబిడ్డ కాడు, యువకుడు.

ఇటువంటివారి కొరకు 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టము వచ్చింది. దాని క్రింద నిరామయ అనే ఆరోగ్య బీమా ఉన్నది. 18 ఏళ్లు నిండిన తరువాత చట్టరీత్యా సంరక్షకులుగా ఉండుటకు తల్లిదండ్రులు సయితము జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. ఈ సంగతి చాలా ఇండ్లలో తెలియదు. తెలిసినవారు చెప్పండి.

యెరికో దారిలో గుడ్డివాడైన బర్తిమయి అవసరము అందరికీ కనబడుతూనే ఉన్నది. అయినా ప్రభువు ముందు అతణ్ణే అడిగాడు.

నాలుగో రోజు సాయంత్రము మేమూ అడిగాము: “లోపలే ఉందామా, వేపచెట్టు క్రిందికి వెళ్దామా?” చెట్టు పేరెత్తగానే కళ్లు పైకి లేచాయి. చక్రాల కుర్చీ బయటికి తోశాము. ఆ పూట తల్లి రెండు గంటలు నిద్రపోయింది.

మీ ఊరిలోనూ అటువంటి తల్లి ఉన్నది. పండ్లతోపాటు ఒక పూట ఇవ్వండి. ముందు పని నేర్చుకొని వెళ్లండి.