పెళ్లి డిస్కులు పదిలమేనా?

చీరల బీరువా పైఅరలోనో, టీవీ కింద సొరుగులోనో పెళ్లి డిస్కులు చాలా ఇళ్లలో వుంటాయి. కొందరివి వీసీడీలు, కొందరివి డీవీడీలు. వాటిని వేసి చూసే ప్లేయరు మాత్రం ఎప్పుడో మూలపడింది. కొత్త లాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కు పెట్టే చోటే వుండదు. పైగా స్టూడియోవాళ్లు రాసిచ్చిన డిస్కులో బొమ్మని పట్టివుంచేది ఒక పల్చటి రంగు పొర. ఎండ, వేడి, తేమ తగిలితే అది పాడైపోతుంది. అందుకే వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం మంచిది. ఇది ఇంట్లో మనమే చేసుకోగల పని.

కావలసినవి: కంప్యూటర్, యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవు, 64 జీబీ పెన్‌డ్రైవ్‌లు రెండు, హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. కొనుక్కున్న సినిమా డిస్కులకు తాళం వుంటుంది. హ్యాండ్‌బ్రేక్ ఆ తాళం తీయదు. ఇక్కడ చెప్పేది మన సొంత పెళ్లి, పేరంటాల డిస్కుల గురించే.

ముందు శుభ్రం, తర్వాత నకలు

మెత్తటి నూలు గుడ్డతో డిస్కుని మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి. గుండ్రంగా రుద్దకూడదు. డీవీడీలో వీడియో_టీఎస్ అనే ఫోల్డరు వుంటుంది. దాన్ని మొత్తంగా కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. మామూలు ఒంటి పొర డిస్కు 4.7 జీబీకి మించదు కాబట్టి అలాంటివి పది డిస్కులు ఏ మార్పూ లేకుండా ఒక పెన్‌డ్రైవ్‌లో పడతాయి. ఇది మన అసలు. కుదించేది ఏదైనా దీని నుంచే.

వీసీడీ అయితే కుదించే పనే వద్దు. దాని బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 ఎత్తు మాత్రమే. ఇప్పటికే బాగా నొక్కేసిన బొమ్మ అది. అందులోని డాట్ ఫైలుని అలాగే కాపీ చేసుకుంటే వీఎల్‌సీలో ఆడుతుంది.

అంకెల సంగతి

హ్యాండ్‌బ్రేక్‌లో వీడియో అనే పేజీలో రెండు దారులుంటాయి. ఒకటి బిట్‌రేట్ మనమే చెప్పడం, రెండోది నాణ్యత చెప్పడం. రెండోదే ఎంచుకోండి. దాన్ని కాన్‌స్టంట్ క్వాలిటీ అంటారు. పక్కనే ఆర్.ఎఫ్. అనే అంకె వుంటుంది. ఇది తగ్గేకొద్దీ బొమ్మ బాగుంటుంది, ఫైలు పెద్దదవుతుంది. డీవీడీకి 18 నుంచి 22 లోపు సరిపోతుంది. పెళ్లికి 18 పెట్టుకోండి. ఫైలు చిన్నదవుతుందని 28, 30 పెట్టారంటే జరీ అంచు, ముఖంలో కళ అలుక్కుపోతాయి. అలా పోయింది ఆ ఫైలులోంచి మళ్లీ రాదు.

ప్రీసెట్ స్లో అని వుంచండి. సన్నని సెగ మీద పాయసంలాగా ఆలస్యమవుతుంది గానీ పని బాగుంటుంది. ఎన్‌కోడర్ హెచ్.264 అయితే పాత టీవీల్లో కూడా ఆడుతుంది. హెచ్.265 ఫైలు చిన్నదే గానీ అన్ని పాత టీవీలూ దాన్ని తీసుకోవు.

డీవీడీ బొమ్మ 720 వెడల్పు, 576 ఎత్తు. పెద్ద టీవీ కదా అని 1080కి పెంచకండి. నీళ్ల మజ్జిగని ఎంత చిలికితే వెన్న వస్తుంది! చేతులు కదిలినప్పుడు దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే ఫిల్టర్స్‌లో డీఇంటర్లేస్ పెట్టండి. ఫ్రేమ్ రేట్‌ని ‘సేమ్ యాజ్ సోర్స్’ అని వదిలేయండి.

శబ్దం దగ్గర పిసినారితనం వద్దు. మా నాన్నగారి గొంతు మాకు మిగిలింది నా పెళ్లి డిస్కులోనే. అప్పగింతలప్పుడు ఆయన అన్న నాలుగు మాటలు సన్నాయి వెనక లీలగా వినిపిస్తాయి. అలాంటివి నిలవాలంటే ఆడియో ఏఏసీలో 192కి తగ్గించకండి.

తలంబ్రాలే పరీక్ష

మొత్తం చేసే ముందు తలంబ్రాలు పోసుకునే చోటు రెండు నిమిషాలు, హోమం పొగ వున్న చోటు ఒక నిమిషం మాత్రం 18తోనూ 22తోనూ చేసి టీవీలో చూడండి. ఎగిరే బియ్యపు గింజలు, పొగ – కుదింపులో ముందు చెడేవి ఇవే. గింజలు విడివిడిగా కనిపించి, పొగ గళ్లుగళ్లుగా విడిపోకుండా వుంటే మీ అంకె సరైనదే.

రెండు చోట్ల దాచండి

2020 అక్టోబరు వానలకి మూసీ పొంగి మా మూసారాంబాగ్ వంతెన మునిగింది. అలాంటి రోజున కింది సొరుగులో వున్నది ఏదైనా నీటిపాలే. అందుకే పెన్‌డ్రైవ్ ఒకటి మీ దగ్గర, ఇంకొకటి పుట్టింట్లోనో అక్కచెల్లెళ్ల దగ్గరో వుంచండి. ఏడాదికోసారి రెండూ తగిలించి ఆడుతున్నాయో లేదో చూసుకోండి. కొత్త ఫైలుని మొదటి నుంచి చివరిదాకా చూసేవరకు పాత డిస్కులు పారేయకండి. ఆ చూడటమేదో ఆదివారం మధ్యాహ్నం పెట్టుకుంటే, పిల్లలు కూడా అమ్మమ్మలనీ తాతయ్యలనీ ఆ వయసులో ఎలా వుండేవారో చూస్తారు.