పాత బోటు కొనేముందు వెనక చూడండి

టెక్సాస్‌లోనో జార్జియాలోనో సరస్సులకు దగ్గర్లో ఉండే మనవాళ్లలో కొందరికి సెకండ్‌హ్యాండ్ బోటు మీద మనసు పోతుంటుంది. పాతికేళ్ల నాటి ఫైబర్ బోటు చవగ్గానే వస్తుంది. కొనేవాళ్లు మోటారు చూస్తారు, సీట్లు చూస్తారు. ఆ మోటారును మోసే వెనక గోడ జోలికి పోరు. దాన్ని ట్రాన్సమ్ అంటారు. 90 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ మోటారు దాదాపు 160 కిలోలుంటుంది. ఆ బరువూ, బోటును నెట్టే బలమూ పడేది దాని మీదే.

అపోహ: ఫైబర్‌గ్లాస్ కుళ్లదు, కాబట్టి ఫైబర్ బోటుకు ఆ భయం లేదు.

ఫైబర్‌గ్లాస్ కుళ్లదన్నది నిజమే. కానీ పాత బోట్లలో చాలావాటి ట్రాన్సమ్ లోపల ఉండేది ప్లైవుడ్. ఒకటిన్నర, రెండు అంగుళాల మందం వచ్చేలా పలకలు అతికించి, రెండు వైపులా ఫైబర్ పొర వేస్తారు. ఆ పొరకు బోలెడు చిల్లులు. మోటారు బోల్టులకు నాలుగు, అడుగున డ్రెయిన్ ప్లగ్‌కు ఒకటి, నీటి లోతు చూపే సోనార్ స్క్రూలకు కొన్ని, నిచ్చెనకు మరికొన్ని. వాటికి పూసిన సీలెంట్ ఏళ్లు గడిచేకొద్దీ వదులవుతుంది. అక్కణ్నుంచి దిగిన నీటికి బయటికొచ్చే దారి ఉండదు. తడీ గాలీ రెండూ దొరికితే చెక్కను తినే శిలీంధ్రానికి ఇంకేం కావాలి! పైనుండే నునుపు పూత, అంటే జెల్‌కోటు, మాత్రం కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది. మన తెలుగు తీరంలో తిరిగే ఫైబర్ బోట్లకైనా, మోటారు బిగించేచోట లోపల చెక్క ఉంటే ఇదే లెక్క.

అపోహ: ఉప్పునీళ్లలో తిరిగిన బోటే ముందు కుళ్లుతుంది.

ఉప్పు లోహాన్ని తింటుంది. చెక్కను కుళ్లబెట్టే శిలీంధ్రాలకు మాత్రం వాననీరే ఎక్కువ అనుకూలం. అందుకే “ఏళ్ల తరబడి నీళ్లలోకి దించనే లేదండీ, పెరట్లోనే ఉంది” అని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతుంటే నాకు అనుమానం ఇంకా పెరుగుతుంది. పైన కప్పు లేకపోతే ఆ బోటు ఎన్ని వానలు తాగిందో!

అపోహ: మెరైన్ ప్లై వాడారు కాబట్టి ఢోకా లేదు.

మెరైన్ ప్లై అంటే జిగురు నీటికి ఊడదని, పలకల మధ్య ఖాళీలు తక్కువని. చెక్క చెక్కే. అమెరికాలో ఆ పేరుతో అమ్మే డగ్లస్ ఫర్ ప్లైకి కుళ్లు పట్టకుండా మందు కూడా పట్టించరు.

అపోహ: సుత్తితో తట్టిచూస్తే తెలిసిపోతుంది.

కొంత తెలుస్తుంది. ప్లాస్టిక్ తల ఉన్న చిన్న సుత్తితో పై నుంచి కిందికి వరసగా తడుతూ రండి. గట్టిగా ఉన్నచోట శబ్దం ఖంగుమంటుంది, పొర విడిపోయినచోట మొద్దుగా వినిపిస్తుంది. అయితే పొర మందంగా ఉంటే లోపలి మెత్తదనం చెవికి చిక్కదు. అందుకని ఇంకో పని చేయాలి. మోటారును సగం పైకి లేపి, ప్రొపెల్లర్‌కు కింద ఉండే కదలని రెక్కను పట్టుకుని మీ బరువంతా వేసి కిందికి నొక్కి వదలండి. ఆ సమయంలో ఇంకొకరు ట్రాన్సమ్ పై అంచు మీదే కన్నేసి ఉంచాలి. మోటారు కాస్త ఊగినా ఫరవాలేదు, గోడ ఊగకూడదు. బోల్టుల కింద వాషర్లు ఫైబర్‌లోకి కూరుకుపోయినా, మోటారు కూర్చునే చోట మూలల్లో బీటలున్నా లోపలి చెక్క నలిగిందేమోనని అనుమానించాలి.

అపోహ: మాయిశ్చర్ మీటర్ చెప్పిందే ఆఖరి మాట.

అది తడినే పసిగడుతుంది, కుళ్లును కాదు. లోపల లోహపు ముక్క ఉన్నా, బయట రాగి కలిసిన రంగు ఉన్నా తప్పు చూపుతుంది.

అసలు సాక్ష్యం చెక్క పొట్టు. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే, లోపలి వైపు నుంచి డ్రెయిన్ ప్లగ్‌కు కాస్త పైన సన్నని బిట్‌తో డ్రిల్ చేయండి. బిట్‌కు టేప్ చుట్టి లోతు గుర్తు పెట్టుకుంటే అవతలి పొర తెగదు. పొడిగా, లేత రంగులో పొట్టు రాలితే సంతోషం. నానిన టీ పొడిలా నల్లగా, ముక్క వాసనతో వస్తే ఇక చూడాల్సిందేమీ లేదు. పని అయ్యాక ఆ చిల్లును ఎపాక్సీతో పూడ్చాలి. డ్రిల్ అంటే ఉలిక్కిపడే యజమానిని కనీసం సోనార్ స్క్రూ ఒక్కటి విప్పమని అడగండి. దాని వెనకే గోధుమరంగు నీరు కారిందంటే డ్రిల్ అక్కర్లేదు.

అపోహ: చిల్లులు పెట్టి పల్చటి ఎపాక్సీ పోస్తే మళ్లీ గట్టిపడుతుంది.

చాలా డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. తడిచెక్క ఎపాక్సీని పీల్చదు. పీల్చినంత మేర గట్టిపడినా, కుళ్లిన నారకు పోయిన బలం తిరిగి రాదు. సరైన మరమ్మతు అంటే లోపలి ఫైబర్ పొరను కోసి, కుళ్లిందంతా గీకి తీసి, కొత్త ప్లైవుడ్ గానీ చెక్క లేని కాంపోజిట్ బోర్డు గానీ అతికించి, మళ్లీ ఫైబర్ పరచడం. సామాను ఖర్చు కన్నా కూలీ ఎక్కువ, మోటారు దించి ఎక్కించడం అదనం. చిన్న బోటుకైతే అదంతా కలిపి దాని ధరను దాటిపోవచ్చు. కాబట్టి పొట్టు నల్లగా వస్తే మరమ్మతు ఖర్చు అంచనా చేతికొచ్చాకే బేరానికి కూర్చోండి.