పదమూడో రోజు తర్వాత...

ఇంటినిండా చుట్టాలు. వాకిట్లో షామియానా. వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. పదమూడో రోజు భోజనాలయ్యాయి. ఎవరి బస్సు వాళ్లెక్కారు. టెంటుహౌస్ కుర్రాడొచ్చి కుర్చీలు లెక్కపెట్టి తీసుకెళ్లాడు. మరి ఆ సాయంత్రం ఆ ఇంట్లో మిగిలినవాళ్ల సంగతేంటి? అసలు దుఃఖం మొదలయ్యేది అప్పుడే!

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. పక్కింటివాళ్లో బంధువులో అన్నం వండి పంపిస్తారు. తిననని మొండికేసే మనిషికి పెద్దావిడెవరో దగ్గర కూర్చుని రెండు ముద్దలు కలిపి పెడుతుంది. మైల, సూతకం... పేరు ఏదైనా కానీండి, అందులో ఓ వెసులుబాటు ఉంది. ఆ రోజుల్లో ఆ ఇంటివాళ్లు పండగ చేయక్కర్లేదు, పెళ్లికి వెళ్లక్కర్లేదు, ఎవరికోసమూ నవ్వుమొహం పెట్టక్కర్లేదు.

ఈ ఏర్పాటు ఏ ఒక్క మతానిదో కాదు. జాఫర్ మరణించినప్పుడు ఆయన ఇంటివారికి భోజనం తయారుచేయమని ప్రవక్త చెప్పారని హదీసులు చెబుతాయి. భర్త పోయిన స్త్రీకి ఖురాన్ నాలుగు నెలల పది రోజుల గడువు పెట్టింది. మన ఊళ్లలో క్రైస్తవ కుటుంబాలు సమాధి కార్యక్రమం అయ్యాక మళ్లీ ఓ రోజు చేరి ప్రార్థన చేసుకుంటాయి. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ఎంత బాగుంటుందో... ఆదరణ కూడిక!

తాటాకు విసనకర్రలు

మాటలతో దుఃఖం తీరుతుందా? మహాభారతంలో స్త్రీపర్వం చూడండి. వందమంది కొడుకుల్నీ పోగొట్టుకున్న ధృతరాష్ట్రుడి పక్కన విదురుడు కూర్చుంటాడు. ఆయనకన్నా జ్ఞాని ఎవరు? జీవితం ఎంత అశాశ్వతమో చెబుతాడు. పాడుబడ్డ బావిలో తలకిందులుగా వేలాడుతూ కూడా తేనెచుక్కల కోసం నోరు చాచే మనిషి కథ చెబుతాడు. అద్భుతమైన కథ. అంతా విని ఆ ముసలిరాజు ఏం చేశాడు? మళ్లీ స్పృహతప్పి పడిపోయాడు!

అప్పుడు వ్యాసుడు, విదురుడు, సంజయుడు, పరిచారకులు అందరూ చుట్టూ చేరారు. చన్నీళ్లు చల్లారు. తాటాకు విసనకర్రలతో విసిరారు. చేతులతో ఒళ్లు నిమిరారు. చాలాసేపటికి ఆయన తేరుకున్నాడు. ఉపదేశాలకు పెట్టింది పేరైన గ్రంథంలోనే, ఉపదేశం పనిచేయనిచోట చేతులు పనిచేశాయి. ధర్మరాజుదీ అదే అవస్థ. యుద్ధం గెలిచీ, నాకీ రాజ్యమొద్దు, అడవికి పోతానన్నాడు. తమ్ముళ్లు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు... ఒకరి తర్వాత ఒకరు ఓపిగ్గా చెబుతూనే ఉన్నారు. ఆపైన భీష్ముడి దగ్గర కూర్చుని ఆయన విన్నదంతా కలిసి శాంతిపర్వం భారతంలోకెల్లా పెద్ద పర్వమైంది. మనం మాత్రం పదమూడు రోజుల్లో మనిషి మామూలైపోవాలని ఎదురుచూస్తాం.

భగవద్గీత సంగతీ అంతే. విల్లు జారవిడిచి కుంగిపోయిన బతికున్న మనిషికి చెప్పిన మాట అది. మనకేమో పొద్దున్నే ఏ ఇంట్లోనైనా ఘంటసాల గొంతులో గీత వినిపిస్తే చాలు, 'ఎవరు పోయారు?' అని అడుగుతాం!

ఊరట పేరుతో క్రౌర్యం

అన్ని ఆచారాలనూ నెత్తిన పెట్టుకోలేం. భర్త పోయిన మనిషికి పదిమందిలో గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపేసే తంతు ఏ ఓదార్పు? శుభకార్యాలకు ఎదురు రావద్దనడం, పండగపూట ఓ మూలన కూర్చోబెట్టడం... అసలే మనిషి పోయి ఒంటరైతే మనమూ వెలివేసినట్టే. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హెర్వాడ్ గ్రామ పంచాయతీ 2022 మే నెలలో ఈ తంతులన్నీ మానేయాలని తీర్మానం చేసింది. ఓ పల్లెటూరు చేయగలిగిన పని మన కుటుంబాలు చేయలేవా?

గడువు ఎంత?

'ఇంకా ఏడుస్తున్నావా?' - ఈ ప్రశ్న నెల తిరక్కముందే మొదలవుతుంది. దుఃఖానికి ఐదు దశలని ఎలిజబెత్ కుబ్లర్ రాస్ 1969లో రాసిన పుస్తకం ప్రపంచమంతా పాకింది. ఆవిడ ఆ దశల్ని గమనించింది మరణానికి చేరువైన రోగుల్లో. వాటిని తర్వాత అయినవాళ్లను పోగొట్టుకున్నవారికీ అంటగట్టేశారు. నిజజీవితంలో దుఃఖం మెట్లెక్కినట్టు వరసగా నడవదు. పదిరోజులు బాగానే ఉంటుంది, బీరువాలో ఆయన చొక్కా కనపడగానే మళ్లీ మొదటికొస్తుంది.

పాతకాలంవాళ్లకు ఇది తెలుసనిపిస్తుంది. నెలనెలా మాసికం, ఏడాదికి సంవత్సరికం... కర్మకాండ మాట అలా ఉంచితే, ఆ వంకన ఏడాదిపాటు అయినవాళ్లు ఆ గడప తొక్కేవారు. ఇప్పుడు తీరికలేక చాలామంది మాసికాలన్నీ కలిపి ఒకేసారి కానిచ్చేస్తున్నారు. తప్పుపట్టలేం, సెలవులు దొరకాలిగా! కానీ ఆ రాకపోకలూ వాటితోపాటే పోయాయి. 2020, 2021 కొవిడ్ రోజుల్లో పోయినవారి ఇళ్లకైతే ఆ మొదటి పదమూడు రోజులు కూడా దక్కలేదు. కడసారి చూపు లేదు, భుజంమీద చెయ్యి లేదు. ఆ ఇళ్లలో కొందరికి ఇప్పటికీ ఎవరైనా వచ్చి కూర్చుని మాట్లాడితే బాగుండుననిపిస్తే ఆశ్చర్యమేముంది?

ఏడుపు జబ్బు కాదు. అయితే నెలలు గడిచినా పోయినవారి ధ్యాస తప్ప మరోటి లేకుండా రోజువారీ పనులు పూర్తిగా ఆగిపోతే దాన్ని పట్టించుకోవాలి. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో 'సుదీర్ఘ దుఃఖం' ఒకటి. కనీసం ఆరు నెలలు దాటాకే, అదీ ఆయా సమాజాల ఆచారాలను దృష్టిలో పెట్టుకునే అలా నిర్ధారించాలన్నది నియమం. ఇక, చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ఆరు నెలలూ ఆగక్కర్లేదు, ఆరు గంటలూ ఆగకూడదు. మనిషిని ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

మనమేం చేయొచ్చు?

'ఏదైనా అవసరమైతే చెప్పండి' అంటాం. ఎవరూ చెప్పరు. అడగకుండా చేసే పనులు బోలెడు. మరణం నమోదుకు మామూలు గడువు 21 రోజులు. ఆ సర్టిఫికెట్టు పట్టుకుని బ్యాంకు, పింఛను, బీమా, గ్యాస్ కనెక్షన్ అంటూ తిరగాలి. ప్రతి కౌంటర్ దగ్గరా 'ఆయన పోయారండీ' అని కొత్తగా చెప్పుకోవాలి. ఆ వరసలో తోడుగా నిలబడే మేనల్లుడు ఒక్కడుంటే ఎంత బలం!

కొన్ని ప్రాంతాల్లో కర్మలయ్యాక ఇంటివాళ్లను బంధువులు తమ ఇంటికి 'నిద్ర'కు తీసుకెళతారు. ఒక్క రాత్రి మరో ఇంట్లో పడుకోవడం, అంతే. అది మూడో నెల్లో మళ్లీ ఓసారి చేస్తే ఎవరు కాదంటారు? తొలి సంక్రాంతికి, పోయినవారి పుట్టినరోజుకు ఓ ఫోన్ చేయండి. క్యాలెండర్లో ఆ తేదీలు ఇప్పుడే రాసిపెట్టుకోండి, లేకపోతే మర్చిపోతాం.

ఏడుస్తారేమోనని పోయినవారి ప్రస్తావనే తేకుండా జాగ్రత్తపడతాం కదా. ఆ ఇంటివాళ్లు మాత్రం ఆ పేరు వినాలని ఎదురుచూస్తుంటారు. 'గుత్తివంకాయ కూర మీ ఆయనలా మెచ్చుకుని తినేవాళ్లను నేను చూళ్లేదొదినా' అనండి. ఆవిడ కళ్లు తుడుచుకుంటుంది. ఆనక, ఉప్పు వేయడం మర్చిపోయిన రోజున కూడా ఆయన ఎలా మెచ్చుకున్నాడో చెప్పడం మొదలుపెడుతుంది.