కంప్యూటరుతో జన్యు రచన

సొరకాయను కొన్ని సీమలలో ఆనపకాయ యందురు. కాయ యొక్కటే, పేర్లు రెండు. అయినను సంతలో ఆ ఊరివారికి వాడుకయైన పేరు చెప్పినచో బేరము త్వరగా కుదురును. జన్యువుల విషయమున గూడ ఇట్టి విశేషమే యున్నది.

జన్యువు నాలుగక్షరముల లిపిలో నుండును. మూడేసి అక్షరములు కలిసి ఒక మాట యగును. ఇట్టి మాటలు 64. వానిలో 61 మాటలు, మాంసకృత్తులకు ఇటుకల వంటి 20 అమైనో ఆమ్లములను సూచించును. తక్కిన 3 మాటలు 'ఇక ఆపుము' అని తెలుపును. లూసీన్ అను ఆమ్లమునకు 6 మాటలు కలవు. వానిలో ఏది వ్రాసినను తయారగు మాంసకృత్తు ఒక్కటే. కాని ఒక్కొక్క జీవికి కొన్ని మాటలు వాడుక, కొన్ని అరుదు.

నేడు పాకిస్తానులోనున్న రాయపూర్ గ్రామమున ఒక పట్వారీ ఇంట జన్మించిన హరగోవింద ఖొరానా, ఈ లిపిని చదువుటకు తోడ్పడి 1968లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. 1970 నాటికి ఆయన బృందము 77 జతల అక్షరములు గల జన్యువును ప్రయోగశాలలో కూర్చినది. అది ఏండ్ల తరబడి శ్రమించి చేసిన పని.

ఇప్పుడు శాస్త్రజ్ఞులు తమకు కావలసిన మాంసకృత్తును, అది తయారు కావలసిన జీవిని కంప్యూటరుకు తెలుపుదురు. నూరు ఆమ్లముల చిన్న మాంసకృత్తునకే సాధారణముగా నలుబది అంకెలకు మించిన సంఖ్యలో వ్రాతలుండును. కంప్యూటరు వానిలో ఆ జీవికి తగిన మాటలను ఏరి, దారి తప్పించు సంకేతములను తొలగించును. పిదప యంత్రములు చిన్న తునకలను తయారుచేయగా, వానిని అతికి పూర్తి జన్యువును చేయుదురు.

తగిన మాటల విలువ ఎంతటిదో ప్రత్తి చేలలో మనము చూడవచ్చును. నేలలోని ఒక సూక్ష్మజీవి జన్యువును ఉన్నదున్నట్లు మొక్కలలో చేర్చగా, పురుగును చంపు మాంసకృత్తు అత్యల్పముగా తయారైనది. మొక్కకు తగిన మాటలతో తిరిగి వ్రాయగా అది నూరు రెట్ల వరకు పెరిగినట్లు 1991లో పరిశోధకులు ప్రకటించిరి. ఇట్లు మార్చిన జన్యువు గల బి.టి. ప్రత్తికి మన దేశమున 2002లో అనుమతి లభించినది.

అయితే గులాబి రంగు పురుగు ఆ మాంసకృత్తును తట్టుకొనుచున్నట్లు 2010లో గుజరాత్‌లో వెల్లడియైనది. కావున బి.టి. ప్రత్తితో పాటు బి.టి. కాని ప్రత్తి మొక్కలును ఉండవలెను. అచట బ్రతికిన సాధారణ పురుగులతో జతకూడుటచే, తట్టుకొను పురుగుల సంతతి త్వరగా ప్రబలదు. పంట ముగియగానే ప్రత్తి మోళ్లను, మిగిలిన కాయలను చేనిలో ఉంచరాదు. ఎంతో శ్రమతో వ్రాసిన జన్యువు చిరకాలము పనిచేయుట ఈ జాగ్రత్తలపై ఆధారపడియున్నదని రైతు సోదరులకు మా మనవి.