ఎలుక మందు తిన్న కుక్కకు ఏ పరీక్ష, ఎప్పుడు?

వరిలో ఎలుకల నివారణకు మనం చేసే సిఫారసు విస్తరణ శాస్త్రవేత్తలందరికీ కంఠస్థమే. నూకలు 96 పాళ్ళు, వంట నూనె 2 పాళ్ళు, 0.25 శాతం బ్రోమోడయోలోన్ మందు 2 పాళ్ళు కలిపి, పొట్లాలు కట్టి సజీవ కన్నాలలో ఉంచాలి. ఇలా తయారైన ఎరలో మందు 0.005 శాతం ఉంటుంది. నూనె పట్టించిన నూకలు ఎలుకకు ఎంత ఇష్టమో గట్ల వెంట తిరిగే కుక్కకూ అంతే ఇష్టం. మందు తిని కన్నం వెలుపల మందకొడిగా తిరిగే ఎలుకను పట్టుకోవడం దానికి మరింత సులువు. ఈ 96-2-2 లెక్కను ఎన్నో ఏళ్ళుగా తరగతిలో చెబుతూ వచ్చాను. కుక్క సంగతి మాత్రం చెప్పలేదు.

ఒక ఏడాది ప్రయోగ క్షేత్రంలో ఎర పెట్టిన నాలుగవ రోజున, కాపలాదారు పెంచుకుంటున్న కుక్క పడుకున్న చోటి నుంచి లేవలేదు. చిగుళ్ళు పాలిపోయాయి, ముక్కు నుంచి రక్తం కారుతోంది. ముందురోజు వరకు మామూలుగానే తిని తిరిగింది కనుక, ఎరకూ దీనికీ సంబంధం ఉండవచ్చని ఎవరికీ తోచలేదు. "ఏం తిన్నది?" అని పశువైద్యుడు అడిగితే, "అన్నమేనండి" అన్నాడు కాపలాదారు. అతడు దాచినదేమీ లేదు. ఎర ఏ మందుతో, ఏ రోజున, ఎక్కడ పెట్టామో మేమే అతడికి చెప్పలేదు. ఆ రాత్రి కుక్క ప్రాణం విడిచింది. అత్యవసర వైద్యంలో పరీక్షల విలువ ఎంతో, వాటి పరిమితి ఎక్కడో ఆ తరువాతే తెలుసుకున్నాను.

మొదటి కొద్ది నిమిషాల పరీక్షలు

అత్యవసర స్థితిలో వచ్చిన కుక్కకు కొద్ది చుక్కల రక్తంతో కొన్ని ప్రాథమిక పరీక్షలు చేస్తారు. సన్నని గాజు గొట్టంలో రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎర్ర కణాల శాతం తెలుస్తుంది. ఆరోగ్యవంతమైన కుక్కలో ఇది సుమారు 37 నుంచి 55 వరకు ఉంటుంది. అయితే ఈ ఒక్క అంకెనే నమ్మరాదు. అప్పుడే తీవ్రంగా రక్తం పోయిన కుక్కలో ప్లీహం సంకోచించి, తనలో నిల్వ ఉన్న ఎర్ర కణాలను రక్తంలోకి వదులుతుంది. అందువల్ల ఆ శాతం మామూలుగానే కనిపించవచ్చు. ముందుగా తగ్గేది ప్లాస్మాలోని ప్రోటీన్. అందుకే ఈ రెండింటినీ కలిపి చదవాలి.

మూర్ఛలు వస్తున్నప్పుడు రక్తంలో చక్కెర చూడటం తప్పనిసరి, ఎందుకంటే చక్కెర పడిపోయినా మూర్ఛలు వస్తాయి. లాక్టేట్ లీటరుకు 2.5 మిల్లీమోల్స్ దాటితే కణజాలాలకు రక్త ప్రసరణ చాలడం లేదని అనుమానించాలి. అల్ట్రాసౌండ్‌తో పొట్టపై నాలుగు చోట్ల, ఆపై ఛాతీపై చూస్తే లోపల చేరిన రక్తం కొద్ది నిమిషాలలో కనిపిస్తుంది. ఎలుక మందు తిన్న కుక్కకు ఆయాసం రావడానికి ఛాతీలో చేరిన రక్తమే కారణం కావచ్చు.

రక్తపు పూతను సూక్ష్మదర్శినిలో చూడటం మన ప్రాంతంలో మరీ ముఖ్యం. పిడుదుల ద్వారా సోకే ఎర్లీకియా వ్యాధిలోనూ ముక్కు నుంచి రక్తం కారుతుంది. ఆయిల్ ఇమ్మర్షన్ కటకం కింద ఒక క్షేత్రంలో కనిపించే ఒక్కో ప్లేట్‌లెట్ మైక్రోలీటరు రక్తంలో సుమారు 15,000 ప్లేట్‌లెట్లకు సమానం. అవి బాగా తగ్గి ఉంటే పిడుదుల జ్వరాన్ని, సరిపడా ఉండి కూడా రక్తం గడ్డకట్టకుంటే ఎలుక మందును ముందుగా అనుమానిస్తారు.

తేదీ తెలియకపోతే తప్పే అర్థం

బ్రోమోడయోలోన్ రక్తాన్ని నేరుగా పలుచన చేయదు. విటమిన్ కె తిరిగి వినియోగంలోకి రాకుండా అడ్డుకుంటుంది. దానితో కాలేయం రక్తం గడ్డకట్టడానికి అవసరమైన 2, 7, 9, 10 కారకాలను పనిచేసే రూపంలో తయారు చేయలేదు. అప్పటికే రక్తంలో ఉన్న కారకాలు ఖర్చయ్యే వరకు కుక్క చలాకీగానే ఉంటుంది. వీటిలో ఏడవ కారకం ఆయుష్షు కొద్ది గంటలే. అందుకే దానిపై ఆధారపడిన ప్రోత్రాంబిన్ టైమ్ పరీక్ష అన్నిటికంటే ముందుగా మారుతుంది. అయినా ఆ మార్పు బయటపడటానికి రెండు, మూడు రోజులు పడుతుంది. రక్తస్రావం సాధారణంగా మూడు నుంచి ఐదు రోజులకు కనిపిస్తుంది.

కనుక ఈ ఉదయం ఎర తిన్న కుక్కకు ఈ సాయంత్రం పరీక్ష మామూలుగా వస్తే, అది క్షేమమని అర్థం కాదు. పరీక్షించవలసిన సమయం ఇంకా రాలేదని అర్థం. తిన్న తరువాత 48 నుంచి 72 గంటల మధ్య మళ్ళీ చూడాలి. విటమిన్ కె1 చికిత్స వారాల తరబడి సాగుతుంది. చివరి మోతాదు ఇచ్చిన 48 గంటల తరువాత ఇదే పరీక్ష మరొకసారి చేయాలి. విటమిన్ కె3 దీనికి ప్రత్యామ్నాయం కాదు.

ప్రయోగశాల లేని చోట సుమారు 2 మిల్లీలీటర్ల తాజా రక్తాన్ని శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో కదపకుండా 20 నిమిషాలు ఉంచి, వంచి చూడవచ్చు. రక్తం జారిపోతే గడ్డకట్టే శక్తి దెబ్బతిన్నట్లే. అయితే రక్తపింజర కాటులోనూ ఇదే ఫలితం వస్తుంది. ఎలుకలు తిరిగే గట్ల మీదే రక్తపింజర కూడా తిరుగుతుంది. ఒకదానికి విటమిన్ కె1, మరొకదానికి పాము విషానికి విరుగుడు సీరం కావాలి. గొట్టం ఈ తేడా చెప్పదు; కాటు వాపు, సంఘటన వివరాలే చెప్పాలి.

మందు మారితే పరీక్ష మారుతుంది

జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువును విడుదల చేస్తుంది. లక్షణాలు సాధారణంగా కొద్ది గంటలలోనే మొదలవుతాయి. పశువైద్యశాలలో దీనిని వెంటనే నిర్ధారించే రక్త పరీక్ష లేదు. ప్రత్యేక విరుగుడూ లేదు. కుక్కకు ఆహారం పెడితే ఆమ్లం పెరిగి హాని ఎక్కువవుతుంది. వాంతి నుంచి వెలువడే వాయువు మనుషులకూ ప్రమాదకరం కనుక గాలి ఆడే చోట ఉంచాలి.

ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులలో చొంగ, వాంతులు, కండరాల వణుకు, చిన్నబడిన కనుపాపలు కనిపిస్తాయి. రక్తంలో కోలినెస్టరేజ్ చర్య సాధారణ స్థాయిలో 25 శాతం కంటే దిగువకు పడిపోతే అది బలమైన ఆధారం. కానీ ఆ ఫలితం వచ్చే వరకు చికిత్స ఆగరాదు. పశువైద్యుడు తక్కువ మోతాదులో అట్రోపిన్ ఇచ్చి చూస్తారు. గుండె వేగం పెరిగి నోరు ఎండితే ఈ విషం అయ్యే అవకాశం తక్కువ.

పాల క్యానులో రక్తం

ఈ శాస్త్రం మొదలైనదీ వ్యవసాయ క్షేత్రంలోనే. 1920ల్లో ఉత్తర అమెరికాలో బూజు పట్టిన స్వీట్ క్లోవర్ ఎండుమేత తిన్న పశువులు రక్తస్రావంతో చనిపోయేవి. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రైతు ఒకరు చనిపోయిన పెయ్యను, గడ్డకట్టని రక్తం నింపిన పాల క్యానును, పాడైన మేతను తీసుకుని విశ్వవిద్యాలయంలోని కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాలకు వెళ్ళారు. లింక్ బృందం 1939లో ఆ మేత నుంచి డైకుమరాల్‌ను వేరు చేసింది. ఆ పరిశోధన నుంచే వచ్చిన వార్ఫరిన్ 1948లో ఎలుక మందుగా అమ్మకానికి వచ్చింది. బ్రోమోడయోలోన్ అదే కోవలో తరువాతి తరం మందు. ఆ రైతు రక్తంతో పాటు మేతను కూడా తీసుకువెళ్ళడం వల్లనే కారణం దొరికింది.

మన సిఫారసులో చేర్చవలసినవి

ఎర పెట్టే ముందు చుట్టుపక్కల వారికి మందు పేరు, తేదీ చెప్పాలి. చనిపోయిన ఎలుకలను, మిగిలిన ఎరను ఏరి లోతుగా పూడ్చే వరకు కుక్కలను కట్టి ఉంచాలి. మందు ఖాళీ ప్యాకెట్‌ను పారవేయకుండా భద్రపరచాలి. కుక్క ఎర తిన్నట్లు తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడరాదు. ఇంట్లో ఉప్పునీరు తాగించరాదు. ప్యాకెట్‌తో సహా వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

ఇప్పుడు తరగతిలో 96-2-2 తరువాత ఈ నాలుగు మాటలూ చెబుతున్నాను. ఏ పరీక్ష చేయాలో నిర్ణయించేది పశువైద్యుడే. ఆ నిర్ణయానికి కావలసిన మందు పేరూ, తేదీ మాత్రం ఎర పెట్టించిన మన వద్దే ఉంటాయి.