బొమ్మ ఉంది, మాట లేదు

పోయిన సెలవుల్లో నగరిలో మా ఇంటి కంప్యూటర్‌కి పెద్ద మానిటర్ కొన్నాం. అవ్వకి చూపు తక్కువ, ఫోన్‌లో మొహాలు ఆనవు. శుక్రవారం కువైట్‌లో సెలవు కాబట్టి చిన్నాయన వీడియో కాల్ చేశాడు. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది, మాట మాత్రం రాలేదు. వీధిలో పవర్‌లూమ్‌ల చప్పుడుకి వినపడలేదేమోనని అవ్వ స్పీకర్‌కి చెవి ఆనించి కూర్చుంది. "వాడు నోరాడిస్తా ఉండాడు గానీ మాట రాలేదే. గొంతు పోయిందేమిరా వాడికి?" అని భయపడింది.

నేను సీఎస్‌ఈ కదా, నేరుగా డ్రైవర్ మీద పడ్డాను. తీసేశా, మళ్లీ ఇన్‌స్టాల్ చేశా, మూడుసార్లు రీస్టార్ట్ చేశా. రెండు గంటలు పోయాయి. చివరికి ఫోన్‌లో మాట్లాడించాం గానీ అవ్వకి తృప్తి లేదు. మగ్గం ఆపి వచ్చిన నాయన ఒకటే మాట అన్నాడు: "పోగు తెగితే మగ్గమంతా విప్పుతామా? ఎక్కడ తెగిందో చూసి ముడేస్తాం."

నిజమే. శబ్దం కూడా ఒక పోగు లాంటిదే. యాప్‌లో మొదలై, ఆపరేటింగ్ సిస్టమ్‌లోని మిక్సర్ దాటి, మనం ఎంచుకున్న అవుట్‌పుట్ డివైస్‌కి వెళ్తుంది. అంతవరకు అది అంకెలే, సాధారణంగా సెకనుకి 44,100 లేదా 48,000 శాంపిల్స్. మదర్‌బోర్డు మీది ఆడియో చిప్ ఆ అంకెల్ని కరెంటు సిగ్నల్‌గా మారుస్తుంది. అది జాక్ గుండా, వైరు గుండా స్పీకర్‌కి చేరుతుంది. ఇందులో ఎక్కడ తెగినా మనకి వినిపించేది ఒకటే: నిశ్శబ్దం.

మరి ఎక్కడ వెతకాలి? మనం మొదటి సంవత్సరంలో చదివిన బైనరీ సెర్చ్ ఇక్కడ పనికొస్తుంది. మధ్యలో చూసి, సగం కొట్టేయడమే.

ముందు స్పీకర్ తీసి, అదే జాక్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టండి. వినిపిస్తే కంప్యూటర్ బాగున్నట్టే. స్పీకర్ స్విచ్చి, దాని వాల్యూమ్, వైరు చూసుకోండి. అసలు వైరు సరైన చోట ఉందా అన్నది కూడా చూడాలి. కేబినెట్ వెనక సాధారణంగా ఆకుపచ్చ జాక్ స్పీకర్‌కి, గులాబీ రంగుది మైక్‌కి, లేత నీలం లైన్ ఇన్‌కి.

ఇయర్‌ఫోన్స్‌లోనూ రాకపోతే ఏదైనా పాట పెట్టి, విండోస్ 11 సౌండ్ సెట్టింగ్స్ అడుగున 'మోర్ సౌండ్ సెట్టింగ్స్' తెరవండి. ప్లేబ్యాక్ జాబితాలో ఒక్కో డివైస్ పక్కన చిన్న గీతలుంటాయి. ఏ గీతలూ కదలకపోతే లోపం పైనే ఉంది: యాప్ మ్యూట్‌లో ఉండొచ్చు, వాల్యూమ్ మిక్సర్‌లో దాని గీత సున్నాకి దిగి ఉండొచ్చు, విండోస్ ఆడియో సర్వీస్ ఆగి ఉండొచ్చు. గీతలు కదులుతుంటే, ఏ డివైస్ పక్కన కదులుతున్నాయో చూడండి.

మా ఇంట్లో అవి మానిటర్ పేరు పక్కన కదులుతున్నాయి! హెచ్‌డీఎంఐ కేబుల్ బొమ్మతో పాటు శబ్దాన్నీ మోస్తుంది. కొత్త మానిటర్ తగిలించగానే సిస్టమ్ శబ్దాన్ని అటు మళ్లించింది. ఆ మానిటర్‌కి ఇయర్‌ఫోన్ జాక్ ఉంది గానీ స్పీకర్లు లేవు. అంటే చిన్నాయన మాట అంతసేపూ మానిటర్ దాకా వస్తూనే ఉంది, వినిపించే నోరే దానికి లేదు. జాబితాలో మా స్పీకర్లని డీఫాల్ట్‌గా పెట్టాను. ఒక్క క్లిక్.

డ్రైవర్ వంతు ఆఖర్న. డివైస్ మేనేజర్‌లో ఆడియో పక్కన పసుపు గుర్తు కనిపిస్తేనో, అసలు డివైస్ పేరే లేకపోతేనో అప్పుడు దాని జోలికి వెళ్లండి. లినక్స్ వాడేవాళ్లు టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ తెరిచి చూడండి. ఛానల్ కింద రెండు 'ఎం'లు ఉంటే అది మ్యూట్‌లో ఉన్నట్టు, 'ఎం' నొక్కితే తెరుచుకుంటుంది.

తర్వాతి శుక్రవారం చిన్నాయన, పోయినసారి వినపడలేదని, "అమ్మా, తిన్నావా?" అని గట్టిగా కేకేశాడు.

"ఎందుకురా అట్ల అరుస్తావు, వినపడతా ఉంది" అనింది అవ్వ, నవ్వుకుంటా.